ఇంట్లో డేకేర్ నడిపేవాళ్లు సెలవు పెట్టాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, ఎలా చెప్పాలి?

"అక్కా, మా తమ్ముని పెళ్లికి వారం రోజులు మూసేయాల. పిల్లల అమ్మావాళ్లకు ఎప్పుడు చెప్పమంటావు?" కడపలో ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకునే ఆడవాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఇది. నేను ఎర్రముక్కపల్లెలో మా ఇంట్లోనే తొమ్మిదేళ్లుగా పిల్లల్ని చూసుకుంటున్నాను. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు:

- ఒక పూట మూయాలంటే 3 రోజుల ముందు.
- ఒక రోజు మొత్తం మూయాలంటే వారం ముందు. రెండు వారాలైతే ఇంకా మంచిది.
- 2 నుంచి 4 రోజులకు నెల ముందు.
- వారం, అంతకు మించి అయితే రెండు నెలల ముందు.
- డేకేర్ పూర్తిగా మానేయాలనుకుంటే మూడు నెలల ముందు.
- జ్వరం, ఇంట్లో చావు లాంటివైతే తెలిసిన గంటలోపే.

ఇంత ముందుగా ఎందుకు అంటే, మీరు మూసిన రోజు ఆ పిల్లను ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా. ఆ మనిషి దొరకడానికి ఎన్ని రోజులు పడుతుందో అన్ని రోజుల ముందు మీరు చెప్పాలి. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగం చేసే ఆడవాళ్లకు ఏడాదికి 15 క్యాజువల్ లీవులు, వాటిమీద 5 ప్రత్యేక లీవులు ఉంటాయి. చూడ్డానికి ఇరవై. చిన్నపిల్ల ఉన్న ఇంట్లో జ్వరాలకు, టీకాలకు అవి దసరా లోపలే అయిపోతాయి. షాపులో పనిచేసే తల్లికి ఒక రోజు సెలవంటే ఒక రోజు కూలి పోయినట్టే. బద్వేలు నుంచో రాయచోటి నుంచో జేజి (నాయనమ్మ) రావాలంటే చేలో పని చూసుకోవాలి, ఇంట్లో పాడి ఉంటే ఆ గేదెల్ని ఎవరికో ఒప్పజెప్పాలి.

నాకు ఇది ఒక తల్లి వల్ల తెలిసొచ్చింది. నేను మొదలుపెట్టిన రెండో ఏడు, ప్రొద్దుటూరులో మా ఆడబిడ్డ కూతురి పెళ్లి. తేదీ నాకు రెండు నెలల ముందే తెలుసు. పిల్లల వాళ్లకు మాత్రం నాలుగు రోజుల ముందు చెప్పాను. ఒకామె నర్సు. విన్న వెంటనే ఏమీ అనలేదు. చెప్పులు విడవకుండా గేటు దగ్గరే నిలబడి, చేతిలో పాలసీసాల సంచి అట్లే పట్టుకుని, "డ్యూటీ చార్ట్ వేసేశారక్కా" అంది. అంతే. ఆ మూడు రోజులూ పదినెలల పిల్లను వాళ్ల పక్కింటావిడ దగ్గర వదిలిపెట్టింది. ఆ పక్కింటావిడ అంతకుముందు ఆ పిల్లను ఎత్తుకుని కూడా ఎరగదు. నేను తిరిగొచ్చాక పిల్ల వారం రోజులు నన్ను చూసి కూడా ఏడ్చింది. తప్పు నాదే. అప్పటినుంచి కింద రాసిన పద్ధతే పాటిస్తున్నాను.

ఏమేం కావాలి

- గోడకు తగిలించే పెద్ద గళ్ల క్యాలెండరు. పిల్లల్ని దించేటప్పుడు అందరి కంటికీ పడేలా గేటు పక్కనో వరండాలోనో ఉండాలి.
- ఒక నోటు పుస్తకం. పిల్లకు ఒక పేజీ.
- ఎర్ర పెన్ను ఒకటి.
- చేరేటప్పుడే ఇద్దరూ సంతకం చేసిన ఒక కాగితం. ఫీజు, సెలవుల నియమాలు అందులో ఉండాలి. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు.
- అత్యవసరానికి మీ బదులు పిల్లల్ని చూడగల ఒక మనిషి.

1. ముందు తల్లిదండ్రుల పని రోజులు రాసుకోండి

చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పిల్ల పేజీలో తల్లి ఏం పని చేస్తుంది, తండ్రి ఏం పని చేస్తాడు, ఏ రోజుల్లో వాళ్లకు లీవు అసలు దొరకదు అని అడిగి రాసుకోండి. కొన్ని మనకే తెలుసు:

గ్రామ, వార్డు సచివాలయం ఉద్యోగులకు 1వ తేదీ పింఛన్ల పంపిణీ. తెల్లవారకముందే బయలుదేరతారు. 1వ తేదీ ఆదివారం పడితే ముందురోజే పంచుతారు. కాబట్టి నెలాఖరు, నెల మొదలు ఆ ఇంటికి మూయకూడని రోజులు.

బ్యాంకు వాళ్లకు రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. మీకు ఒక్క రోజు పని ఉంటే ఆ శనివారం పెట్టుకోండి, ఆ ఇంటికి ఇబ్బందే ఉండదు. మార్చి ఆఖరి వారం మాత్రం వాళ్లను లీవు అడగొద్దు. ఖాతాలు ముగించే రోజులవి, రాత్రి ఎనిమిదయినా ఇంటికి రారు.

టీచర్లకు మార్చిలో పదో తరగతి పరీక్షలు, ఆ వెంటనే పేపర్లు దిద్దడం. వేసవి సెలవుల్లో వాళ్లే ఇంట్లో ఉంటారు. మీ పెద్ద సెలవు మే నెలలో పెట్టుకుంటే టీచర్ల పిల్లల గురించి టెన్షన్ ఉండదు.

పోలీసులు, ఆరోగ్యశాఖ, రెవెన్యూ వాళ్ల సంగతి వేరు. మనకు పండగ అంటే వాళ్లకు డ్యూటీ. శ్రీరామనవమి అయిన నాలుగైదు రోజులకు ఒంటిమిట్టలో వెన్నెల రాత్రి కోదండరాముని కల్యాణం జరుగుతుంది. మనమంతా చూడ్డానికి పోవాలనుకుంటాం. మన దగ్గర పిల్లను వదిలే కానిస్టేబులమ్మకు ఆ రోజే బందోబస్తు పడుతుంది, రాత్రి ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పలేం. కడప పెద్దదర్గా ఉరుసు రోజుల్లోనూ అంతే. పల్స్ పోలియో ఆదివారాల్లో ఏఎన్‌ఎంలు, ఆశా వర్కర్లు, అంగన్‌వాడీ టీచర్లు అందరూ డ్యూటీలోనే. మీ డేకేర్‌లో ఇలాంటి ఉద్యోగి పిల్ల ఒక్కరున్నా ఆ రోజులకు ఎర్ర పెన్నుతో చుట్టండి.

నర్సులకు డ్యూటీ చార్ట్ ముందే వేసేస్తారు. ఎప్పుడు వేస్తారో అడిగి, అంతకు వారం ముందు మీ తేదీ చెప్పగలిగితే ఆమె ఆఫ్‌లు సర్దుకోగలదు. చార్ట్ పడ్డాక చెబితే మార్చుకోవడానికి ఇంకొక నర్సును బతిమాలుకోవాలి.

2. ఏడాది సెలవుల జాబితా ముందే ఇవ్వండి

జనవరిలో ఒకసారి, కొత్త పిల్ల చేరిన రోజు ఒకసారి ఈ జాబితా చేతికివ్వండి. సంక్రాంతి మూడు రోజులు, ఉగాది, రంజాన్, బక్రీదు, వినాయక చవితి, దసరా, దీపావళి, క్రిస్మస్, ఇంకా మీ ఇంటి ఇలవేల్పు జాతర ఉంటే అదీ. మీరు ఏవి పాటిస్తారో అవే రాయండి. రంజాన్, బక్రీదు నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతాయి. ఆ తేదీల పక్కన "ఒక రోజు మారవచ్చు" అని రాయకపోతే ముందురోజు రాత్రి ఫోన్లు మోగుతాయి. ఈ రెండు పండగలకు నేను వరసగా రెండు రోజులూ సెలవుగానే రాసేస్తాను.

జాబితాలో ఉన్న పండగకు కూడా వారం ముందు గుర్తు చేయాలి. జనవరిలో ఇచ్చిన కాగితం సెప్టెంబరులో ఎవరి దగ్గరా ఉండదు.

3. మీ సెలవు తేదీ మీకు ఖాయమైన రోజే చెప్పండి

పెళ్లి విషయంలో లగ్నపత్రిక రాసుకున్న రోజే మనకు తేదీ తెలుస్తుంది. శుభలేఖ చేతికొచ్చేదాకా ఆగితే పదిహేను రోజులే మిగులుతాయి. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందు మొదలవుతోంది, అంతకుముందు 120 రోజులుండేది. అంటే మన టికెట్ మనం రెండు మూడు నెలల ముందే తీసుకుంటాం. అదే రోజు సాయంత్రం పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చినవాళ్లకు చెప్పేయండి. వెయిటింగ్ లిస్టులో ఉన్నా సరే చెప్పండి, "ఇంకా ఖాయం కాలేదు, ఈ తేదీల్లో ఉండొచ్చు" అని కలపండి. తర్వాత రద్దయితే ఎవరికీ నష్టం లేదు.

సొంత ఆపరేషన్ గానీ, కూతురి కాన్పు గానీ ఉంటే డాక్టరు చెప్పిన తేదీకి ముందు వారం, తర్వాత వారం కలిపి చెప్పండి. కాన్పు మనం చెప్పిన తేదీకి జరగదు.

4. రాసి పంపండి

నోటిమాట మర్చిపోతారు, లేదా ఒకలా చెబితే ఇంకోలా వింటారు. వాట్సాప్‌లో ఐదు విషయాలు ఉండాలి: ఏ రోజు నుంచి మూత, ఏ రోజు మళ్లీ తెరుస్తారు, ఫీజు సంగతి, బదులు ఏర్పాటు ఉందా లేదా, ఎప్పటిలోగా జవాబు కావాలి. తేదీ పక్కన వారం పేరు తప్పకుండా రాయండి. నేను పంపే మెసేజ్ ఇలా ఉంటుంది:

"నమస్తే. మా ఇంట్లో పెళ్లి ఉంది. మే 11 సోమవారం నుంచి మే 15 శుక్రవారం వరకు డేకేర్ ఉండదు. మే 16 శనివారం పొద్దున 8 గంటలకు మామూలుగా తెరుస్తాను. ఈ ఏడాది ఫీజుతో కూడిన సెలవులు అయిపోయాయి కాబట్టి ఈ 5 రోజుల ఫీజు తగ్గించి తీసుకుంటాను. ఆ రోజుల్లో పాప ఎవరి దగ్గర ఉంటుందో ఏప్రిల్ 10 లోపల చెప్పండి. ఎవరూ దొరకకపోతే కూడా చెప్పండి, ఇద్దరం కలిసి ఆలోచిద్దాం."

"ఒక వారం ఉండను" అని మాత్రం రాయకండి. ఒకరు ఐదు రోజులనుకుంటారు, ఇంకొకరు ఏడనుకుంటారు. "11 నుంచి 16" అన్నా తిప్పలే, 16న తెరిచి ఉందా మూసి ఉందా అని గొడవ. తెరిచే రోజును విడిగా రాయాలి.

"వీలైతే", "ఏమనుకోకండి", "సర్దుకోండి" లాంటి మాటలతో మెసేజ్ నింపకండి. చదివేవాళ్లకు ఇది అడుగుతున్నట్టుంటుంది, చెబుతున్నట్టుండదు. సెలవు మీకూ కావాల్సిందే. మర్యాదగా, స్పష్టంగా చెప్పండి.

5. పిల్లను తీసుకుపోయే మనిషికి నోటితో కూడా చెప్పండి

తల్లి వాట్సాప్ చూస్తుంది. సాయంత్రం పిల్లను తీసుకుపోయేది మాత్రం జేజో, చిన్నాయనో, ఆటో అన్నో. ఆటో అన్నకు చెప్పకపోతే మూసిన రోజు పొద్దున ఎనిమిదికి మీ గేటు ముందు హారన్ కొడతాడు, ఆటోలో పిల్ల ఉంటుంది. నిజంగా జరుగుతుంది. చదువురాని జేజి వస్తుంటే చేయి పట్టుకుని క్యాలెండరు దగ్గరికి తీసుకుపోయి ఎర్రగీత చూపించండి. "ఈ ఐదు గళ్లు నేనుండను జేజీ" అంటే ఆమెకు చక్కగా అర్థమవుతుంది, ఇంట్లో ఆమే అందరికీ గుర్తు చేస్తుంది.

6. ప్రతి ఇంటి నుంచి జవాబు రాబట్టండి

నీలం టిక్కులు పడితే చదివారని మాత్రమే. బొటనవేలు గుర్తు పెడితే చూశాం అని మాత్రమే. "సరే అక్కా" అన్నా చాలదు. "ఆ రోజుల్లో పాప ఎవరి దగ్గర ఉంటుంది?" అన్న ప్రశ్నకు ఒక మనిషి పేరు రావాలి. "వాళ్ల అమ్మమ్మ వస్తుంది", "మొదటి మూడు రోజులు నేను లీవు, తర్వాత ఆయన" లాంటి జవాబు వచ్చినప్పుడే ఆ పిల్ల పేజీలో టిక్ పెట్టండి.

పేరు రాని ఇల్లు ఏదో తేలుతుంది. ఆ ఇంటికి గ్రూపులో కాకుండా విడిగా ఫోన్ చేయండి. నలుగురిలో "మాకెవరూ లేరు" అని చెప్పుకోవడానికి చాలామంది సిగ్గుపడతారు, ముఖ్యంగా ఒంటరిగా పిల్లను పెంచుకునే తల్లులు. వాళ్లకే మీరు ముందు సాయం చేయాల్సింది.

7. ఫీజు లెక్క సెలవుకు ముందే తేల్చండి

రెండు పద్ధతులున్నాయి. ఏడాదికి ఇన్ని రోజులు ఫీజుతో కూడిన సెలవు అని ముందే కాగితంలో రాసుకోవడం ఒకటి. మూసిన రోజులకు కోత పెట్టడం రెండోది. నేను రెండూ కలిపాను. పండగలతో కలిపి 15 రోజుల వరకు కోత లేదు, అది దాటితే రోజు లెక్కన కోత. పిల్ల రాకపోయిన రోజులకు నేను తగ్గించను, నా ఇల్లు తెరిచే ఉంది కాబట్టి.

లెక్క ఎలా అంటే, నెల ఫీజు 5,200 అనుకుందాం. ఆదివారాలు తీసేస్తే నెలకు 26 పని రోజులు. 5,200ను 26తో భాగిస్తే రోజుకు 200. ఐదు రోజులకు 1,000 తగ్గించి 4,200 తీసుకోవాలి. కొందరు 30తో భాగించి రోజుకు 173 లెక్క కడతారు. ఆదివారం మీరు ఎటూ పిల్లల్ని చూడరు, కాబట్టి 26 న్యాయం. ఏ అంకెతో భాగిస్తారో కాగితంలో రాసి ఉంటే ఆ మాటే రాదు.

ముందు చెప్పకుండా మూయాల్సి వస్తే, కాగితంలో ఏమున్నా ఆ రోజు ఫీజు నేనే వదులుకుంటాను. ఆ తల్లి ఆ రోజు కూలి పోగొట్టుకుంది కదా.

8. బదులు మనిషిని పెట్టాలనుకుంటే

మీ చెల్లెలో, పక్క వీధిలో డేకేర్ నడిపే ఇంకొకరో ఒప్పుకోవచ్చు. అయితే పిల్లలకు, తల్లిదండ్రులకు ఆమె ముందే తెలిసి ఉండాలి. సెలవుకు ముందు రెండు మూడు సార్లు ఆమెను మీ ఇంటికి పిలిచి పిల్లలతో కూర్చోబెట్టండి. ఒక పూట ఆమే అన్నం తినిపించాలి. పిల్ల నోరు తెరిస్తే పని జరిగినట్టు.

ఆమెకు ఒక కాగితం ఇవ్వండి: ఎవరికి ఏది పడదు, ఎవరు ఎప్పుడు నిద్రపోతారు, ఏ మందు ఏ గంటకు, ఎవరెవరు వచ్చి తీసుకుపోవచ్చు, తల్లిదండ్రుల నంబర్లు. తల్లిదండ్రుల ఒప్పుకోలు లేకుండా పిల్లను ఇంకొకరి ఇంట్లో ఒక్క గంట కూడా ఉంచకండి. మీ అత్తగారైనా సరే.

ఆమె ఇప్పటికే నలుగురు పిల్లల్ని చూస్తుంటే మీ ఆరుగురినీ ఆమె మీద వేయొద్దు. ఎవరూ దొరకని ఇంటి పిల్లను ఒక్కదాన్నే అక్కడ పెట్టండి. రెండు నెలల ముందే చెప్పి ఉంటే మిగతావాళ్లు సర్దుకునే ఉంటారు.

9. మూడుసార్లు గుర్తు చేయండి

రెండు వారాల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి, ఆఖరి రోజు సాయంత్రం గేటు దగ్గర ఒకసారి. ఆఖరి రోజు పిల్ల సంచిలో ఇంటికి పోవాల్సినవన్నీ సర్దండి: మందు సీసా, ఇష్టమైన దుప్పటి, పాలసీసా. మా ఇంట్లో ఒక బాబు చినిగిన పసుపుపచ్చ టవల్ అంచు నోట్లో పెట్టుకుంటే గానీ నిద్రపోడు. ఒకసారి సెలవుకు ముందు ఆ టవల్ మా దండెం మీదే ఉండిపోయింది. రాత్రి పదకొండుకు వాళ్ల నాన్న బండి మీద వచ్చాడు. మేము అప్పటికే ఊరు దాటాం.

10. చెప్పే టైమే లేకపోతే

రాత్రి జ్వరం వచ్చిందంటే తెల్లారేదాకా చూడకండి. "పొద్దునకు తగ్గుతుందేమో" అని ఏడున్నరకు ఫోన్ చేస్తే తల్లి అప్పటికే చీర కట్టుకుని ఉంటుంది. రాత్రి తొమ్మిది లోపలే "నాకు జ్వరంగా ఉంది, రేపు మూయాల్సి రావొచ్చు, పొద్దున ఆరుకు ఖాయంగా చెబుతాను" అని పంపండి. ఆరుకు తప్పకుండా చెప్పండి.

ఇంట్లో ఎవరికైనా, డేకేర్‌లో ఏ పిల్లకైనా ఆటలమ్మ పోస్తే ఆ రోజే అందరికీ చెప్పాలి. దాచడం పెద్ద తప్పు. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా అది అంటుతుంది, మామూలుగా వారం రోజులు. అంటుకున్న పిల్లకు 10 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది. గర్భంతో ఉన్న తల్లి ఉంటే ఆమెకు మొదటి ఫోన్ చేయండి, ఆమె వెంటనే డాక్టరును అడగాలి. మెసేజ్‌లో జబ్బు పేరు రాయండి, ఏ పిల్లకు వచ్చిందో మాత్రం రాయొద్దు.

ఇంట్లో చావు జరిగినప్పుడు మనకు ఫోన్ పట్టుకునే ఓపిక ఉండదు. అందుకే తల్లిదండ్రులందరి నంబర్లు ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉండాలి. "డేకేర్ ఎన్ని రోజులు ఉండదో రేపు సాయంత్రం చెబుతాం" అని వాళ్లు ఒక్క మాట పంపితే చాలు. పెద్దకర్మ దాకా మూయాలనుకుంటే మరుసటి రోజే తెరిచే తేదీ చెప్పండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మంచి మాట చెప్పే వేళ కోసం ఆగడం. ఈ రోజు ఆమె చిరాగ్గా ఉంది, రేపు చెబుదాం అనుకుంటూ వారం గడిపేస్తాం. ఆ వారం వాళ్లది.

ఒకరికి చెప్పి ఇంకొకరికి చెప్పకపోవడం. ఆ ఇద్దరు తల్లులూ కూరగాయల బండి దగ్గర కలుస్తారు, రెండో ఆమెకు గుండెల్లో రాయి పడుతుంది. అందరికీ ఒకే రోజు చెప్పండి.

ముందు చెబితే పిల్లను వేరేచోట చేర్చేస్తారని భయపడటం. ఈ భయం నాకూ ఉండేది. తొమ్మిదేళ్లలో సెలవు ముందు చెప్పానని ఎవరూ మానేయలేదు. ఆలస్యంగా చెప్పినందుకు మాత్రం ఇద్దరు మానేశారు.

తేదీ మార్చేయడం. ఒకసారి చెప్పిన తేదీని రెండు రోజులు పొడిగించుకుంటే వాళ్లు పెట్టిన లీవులన్నీ మళ్లీ మొదటికొస్తాయి. మీకు ఐదు రోజులు కావాలనిపిస్తే ఆరు చెప్పండి. ఒక రోజు ముందే తెరిస్తే ఎవరూ బాధపడరు.

సరిగ్గా చెప్పామో లేదో ఎలా తెలుస్తుంది?

సెలవుకు మూడు వారాల ముందు నోటు పుస్తకం తెరవండి. ప్రతి పేజీలో ఒక మనిషి పేరు ఉంటే సరిగ్గా చెప్పినట్టు. ఒక్క పేజీ ఖాళీగా ఉన్నా ఆ రాత్రే ఫోన్ చేయండి. మీరు ఊళ్లో లేని మొదటి రోజు పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఫోన్ ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టుకోండి. ఒకటి రెండు మోగితే ఏం అర్థం కాలేదో అడిగి రాసుకుని, వచ్చేసారి మెసేజ్‌లో ఆ మాట చేర్చండి.

తిరిగొచ్చిన మొదటి రోజు పిల్లల్ని పూర్తి రోజు ఉంచమని తల్లులను తొందరపెట్టకండి. వారం పది రోజులు ఇంటి మనుషుల దగ్గర ఉన్న రెండేళ్ల లోపు పిల్ల గేటు చూడగానే అమ్మ మెడ వదలదు. వీలున్నవాళ్లను ఆ రోజు మధ్యాహ్నం అన్నం వేళకే తీసుకుపొమ్మని సెలవు మెసేజ్‌లోనే రాయండి. వీలుకానివాళ్ల పిల్లల్ని పొద్దున మీరే ముందు ఎత్తుకోండి, మిగతా పనులు తర్వాత చూసుకోవచ్చు.